నర్సు శిక్షణ: చేరుటకు ముందు విచారింపవలసిన సంగతులు

దేవరకొండ ప్రాంతమున ఒక గ్రామములో సభ ముగిసిన పిమ్మట ఒక రైతు మా వద్దకు వచ్చి, చేతిసంచిలోనుండి ఒక పత్రమును తీసి చూపెను. అది పట్టణములోని ఒక సంస్థవారు ఆయన కుమార్తెకు ఇచ్చిన నర్సింగు సర్టిఫికేటు. పొలము కుదువబెట్టి ఫీజు చెల్లించినాడట. ఏడాది చదివి వచ్చిన ఆ బాలిక ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టగా, నర్సుల కౌన్సిలులో నమోదు లేదను కారణమున అది తిరిగి వచ్చినది. "గుండ్రటి ముద్ర ఉన్నది గదా సారూ" అని ఆయన అడిగెను. ముద్ర ఉన్నది, సంతకములును ఉన్నవి. లేనిది ఆ సంస్థకు గుర్తింపు.

ఇట్టి నష్టము మరియొక కుటుంబమునకు కలుగకుండ చూచుట పంచాయతీ సభ్యులకు కష్టసాధ్యమేమియు కాదు. అందుకు ఈ చదువులలోని తేడాలు కొంత తెలిసియుండవలెను.

ఇంగ్లండులో 1943 సంవత్సరపు చట్టముతో పూర్తి శిక్షణ పొందిన నర్సులకు తోడుగా, తక్కువ కాలము శిక్షణ పొంది ప్రత్యేక పట్టీలో నమోదగు రెండవ తరగతి నర్సులు ఏర్పడిరి. వారినే తరువాత ఎన్‌రోల్డ్ నర్సులనిరి. ఆస్ట్రేలియాలో ఈ పద్ధతి నేటికిని కలదు. మన దేశమున దానికి దగ్గరగా నున్నది ఏ.ఎన్‌.ఎం., అనగా ఆక్సిలరీ నర్సు మిడ్‌వైఫు. ఈమె గ్రామములకు కొత్త కాదు. టీకాలు వేయుటకును, గర్భిణులను పరీక్షించుటకును ఉపకేంద్రమునకు వచ్చునది ఈమెయే. 1973లో కర్తార్ సింగ్ సంఘము చేసిన సిఫారసులపై ఈ ఉద్యోగినులు బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలైరి. మైదాన ప్రాంతమున 5,000 జనాభాకును, కొండ, గిరిజన ప్రాంతములందు 3,000 జనాభాకును ఒక ఉపకేంద్రము ఉండవలెనని ప్రమాణము. అమ్రాబాదు చెంచుపెంటలకును, దేవరకొండ తండాలకును ఈ రెండవ లెక్కయే ముఖ్యము.

ఏ.ఎన్‌.ఎం. శిక్షణ రెండు సంవత్సరములు. అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్పు. భారత నర్సింగు కౌన్సిలు నియమముల ప్రకారము ఈ శిక్షణకు స్త్రీలే అర్హులు. ఇంటర్మీడియేటు లేదా తత్సమానమైన పరీక్షలో ఏ గ్రూపులోనైనను ఉత్తీర్ణులై యుండవలెను; సైన్సే చదివియుండవలెనను నిర్బంధము లేదు. వయస్సు 17 ఏండ్లకు తగ్గరాదు, 35 దాటరాదు. పదవ తరగతితోనే నర్సును చేయుదుమని ఎవరైనను చెప్పినచో అక్కడనే అనుమానింపవలెను.

దీనికి పై మెట్టు మూడు సంవత్సరముల జి.ఎన్‌.ఎం., ఆ పైది నాలుగేండ్ల బి.ఎస్‌సి. నర్సింగు. డిగ్రీకి భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివియుండుట అవసరము. ఈ రెండింటిలోను పురుషులకు కూడ ప్రవేశము కలదు. నమోదైన ఏ.ఎన్‌.ఎం. తరువాత జి.ఎన్‌.ఎం.లో చేరవచ్చును, జి.ఎన్‌.ఎం. ముగించినవారు రెండేండ్ల పోస్టు బేసిక్ కోర్సుతో డిగ్రీ పొందవచ్చును. కనుక చిన్న చదువుతో మొదలిడిన బాలికకు పై దారి మూసికొనిపోదు.

ఇంటర్మీడియేటు బోర్డువారి వృత్తివిద్యలో మహిళా ఆరోగ్య కార్యకర్తల కోర్సు ఒకటి కలదు. ఇది ఏ.ఎన్‌.ఎం. శిక్షణతో సమానమని కొందరు తలచుచున్నారు. అది పొరపాటు. రెండును వేర్వేరు దారులు. దానికి చదువుతోపాటు ఆసుపత్రిలో అభ్యాసమును, వేరు నమోదును కావలెను. చేరుటకు పూర్వమే ఆ సంగతిని ప్రిన్సిపాలును అడిగి తెలిసికొనవలెను. ఇక గృహసేవ, రోగి పరిచర్య అను పేర్లతో నడచు కొద్దినెలల కోర్సులు వేరు. వానిని మేము నిందించుట లేదు, పని దొరకవచ్చును. అయితే అవి నర్సును చేయవు.

గుర్తింపును ఎట్లు తెలిసికొనవలెను? సంస్థ గోడపై వ్రాసిన మాటలను గాని, రంగుల కరపత్రములను గాని నమ్మి లాభము లేదు. రాష్ట్ర ప్రభుత్వపు అనుమతి ఉత్తర్వు ఏ సంవత్సరమునకు, ఎన్ని సీట్లకు అని అడుగవలెను. హైదరాబాదులోని రాష్ట్ర నర్సుల, మిడ్‌వైఫుల కౌన్సిలులో ఆ సంస్థ పేరున్నదా అని విచారింపవలెను. పిల్లలు ఏ ఆసుపత్రిలో పని నేర్చుకొందురో చూచి రావలెను. రోగులు లేని చోట నర్సు పని ఎట్లు వచ్చును? అసలు సర్టిఫికేట్లను అట్టిపెట్టుకొందుమనువారి విషయమున మరింత జాగ్రత్త అవసరము. ఫీజు కట్టిన ప్రతిసారి రశీదు పొందవలెను. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టమును చేసినది. నియమములు మారుచుండును గనుక చేరు సంవత్సరపు ప్రభుత్వ ప్రకటననే ప్రమాణముగా గైకొనవలెను.

పూర్వము ఈ చదువునకు హైదరాబాదే దిక్కనుకొనెడివారు. మహబూబ్‌నగరులో 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను, నాగర్‌కర్నూలు, వనపర్తులలో 2022లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. వాని ఆసుపత్రులన్నిటికిని నర్సులు కావలెను. పాలమూరు కూలీలు దూరదేశములకు పోవు కాలమున బాలికలు చదువు మాని ఇంటివద్ద తమ్ములను చూచుకొనుటయు, పదునెనిమిది నిండకముందే పెండ్లి మాటలు సాగుటయు సభ్యులెరిగినదే. ఇంటర్మీడియేటు ముగిసిన నెలలోనే ఆ ఇంటికి ఒకసారి పోయి మాటలాడుట మేలు. తరువాత పోయిన ప్రయోజనము తక్కువ.

కుల, ఆదాయ ధ్రువపత్రములకు తహశీల్దారు కార్యాలయము చుట్టు తిరుగుటలో గడువు దాటిపోవుట మేము పలుచోట్ల చూచితిమి. ఈ పత్రములు లేనిదే విద్యార్థివేతనమునకు దరఖాస్తు పెట్టుట సాధ్యము కాదు. పరీక్షాఫలితములకు ముందే వానిని తీసియుంచునట్లు తల్లిదండ్రులకు చెప్పవలెను. ఉపకేంద్రపు ఏ.ఎన్‌.ఎం.ను ఒకనాడు గ్రామసభకు పిలిచి, ఆమె ఎక్కడ చదివినదో, ఎంత ఖర్చైనదో, రాత్రి డ్యూటీలు ఎట్లుండునో ఆమె నోటనే చెప్పించినచో మా వ్యాసముకంటె అది ఎక్కువ పని చేయును.

ఆ రైతు కుమార్తె ఇంటర్మీడియేటు ఉత్తీర్ణురాలు, వయస్సు ఇరువది. కోల్పోయిన ఏడాది తిరిగి రాదు గాని అర్హత పోలేదు. ప్రకటన వెలువడిన వెంటనే దరఖాస్తు పెట్టించెదనని ఆ గ్రామ సర్పంచు మా ఎదుటనే ఆమె పేరు, ఫోను నంబరు తన పుస్తకమున వ్రాసికొనెను.