తొలిదినపు టీకా

ఉస్మాన్‌గంజ్ వీధులలో తెల్లవారినది మొదలు బస్తాల లెక్కయే. ఏ లారీనుండి ఏ సరకు దిగినదో, ఏ కొట్టుకు ఎన్ని బస్తాలు చేరినవో గుమాస్తాలు పొల్లుపోక చిట్టాల కెక్కింతురు. ఆ వీధులకు అనతిదూరమున సుల్తాన్ బజారు ప్రసూతి వైద్యశాల కలదు. అట్టి చోట్ల ఏ చిట్టాకును ఎక్కకుండ తల్లినుండి బిడ్డకు చేరగల సరకు ఒకటి యున్నది. అది హెపటైటిస్-బి వైరస్.

తల్లి ఆరోగ్యవతివలెనే కనబడును. నెత్తురు పరీక్షించిననే గాని గుట్టు బయటపడదు. ఈ క్రిమి గర్భమునందు సోకుట అరుదు. ప్రసవవేళ తల్లి రక్తము తగులుటచేతనే తరచుగా సంక్రమించును. పెద్దలలో నూటికి 95 మంది కొలదినెలలలో దీనిని వదిలించుకొందురు. పసికందుల గతి తలక్రిందులు! పుట్టుకతో సోకినచో నూటికి 90 మంది వరకు బ్రతుకంతయు మోయవలసినదే. శత్రువును గుర్తించు నేర్పు వారి దేహమున కింకను అలవడకపోవుటయే కారణము. కొన్ని దశాబ్దములకు కాలేయము గట్టిపడినను, క్యాన్సరు పుట్టినను, దాని మూలమును పురిటిగదిలో వెదకువా రెవరు?

విరుగుడు కలదు. పుట్టిన 24 గంటలలోపల వేయు టీకా. ఇందు హైదరాబాదు పాలు ఘనమైనది. నెల్లూరు సీమకు చెందిన వరప్రసాద రెడ్డి (‘హాసం’ పాఠకులకు ఆయన వేరొక విధముగ పరిచితుడు) 1993లో తన తల్లి శాంతమ్మ పేర శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించెను. తల్లి పేర వెలసిన సంస్థ తల్లినుండి సోకు వ్యాధికి మందు చేయుట చిత్రమైన పొంతన. 1997లో ‘షాన్‌వాక్-బి’ వెలువడెను. వైరస్ పైతొడుగులోని మాంసకృత్తును ఈస్టు కణములలో పండించుటయే అందలి కిటుకు. తొడుగే గాని క్రిమి లేదు. దిగుమతి టీకా వందల రూపాయలు పలుకుచున్న దినములలో ఇది అందులో చిన్న పాలు ధరకే లభించెను. 2011 నాటికి హెపటైటిస్-బి టీకా ప్రభుత్వ కార్యక్రమమున దేశమంతట చేరినది.

అయినను గడియారము ఆగదు. ఇంట జరిగిన కాన్పులకు, ఆలస్యముగ వచ్చినవారికి ఆ మొదటి దినము జారిపోవును. తల్లికి వ్యాధి యున్నదని ముందే తెలిసినచో బిడ్డకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడ ఇత్తురు. వైరస్ మిక్కుటముగ నున్న గర్భిణికి చివరి నెలలలో టెనోఫొవిర్ మాత్రలిత్తురు. టీకా వేసిన బిడ్డకు చనుబాలు మాన్పించుట అనవసరము.

పరీక్షాఫలితము చూచి కోడలిని నిందించు అత్తవారు లేకపోలేదు. ఆమెకును అది తన తల్లినుండియే వచ్చి యుండవచ్చును. ఆ తల్లి పురుడు పోసుకొన్ననాడు ఈ సూది లేదు.