కోలారు బంగారు గనులు: తవ్విన చేతులు, ఎత్తిపోసిన చేతులు

కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) గురించి రాసినవాళ్లు ఎక్కువగా మూడు విషయాలు చెప్తారు: అక్కడ దొరికిన బంగారం, గనుల లోతు, తెల్లదొరల బంగళాల వల్ల వచ్చిన ‘లిటిల్ ఇంగ్లండ్’ అనే పేరు. ఈ మూడూ నిజాలే. అయితే ఆ బంగారాన్ని పైకి తెచ్చిందెవరు, ఆ వూరి మలాన్ని ఎత్తిపోసిందెవరు అని అడిగితే, అదే వూరికి మరో చరిత్ర వుందని తెలుస్తుంది. ఆ చరిత్రలో తెలుగు దళితులకూ భాగం వుంది కనుక మేం ఇక్కడ చర్చకు పెడుతున్నాం.

లవెల్ అనే మాజీ సైనికుడు 1875లో మైసూరు సంస్థానం నుంచి తవ్వకాల అనుమతి పొందాడు. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ సంస్థ రంగంలోకి దిగింది. సుమారు 120 ఏళ్లలో 800 టన్నుల దాకా బంగారం తీశారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు ఈ గనులకే ముందు వచ్చింది. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో.

గనిలోకి దిగినవాళ్లలో అత్యధికులు దళితులు. ఎక్కువమంది అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చిన తమిళ ఆది ద్రావిడులు. తెలుగు తాలూకాల నుంచీ చాలామంది వచ్చారు. ఆ తాలూకాల్లో కొన్ని 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరాయి. వెట్టి, కరువు, భూస్వామి దయ మీద బతికే బతుకు కంటే, నెలకు చేతికొచ్చే డబ్బు మేలనుకున్నారు. అణగారిన కులాలకు ఈ వూరి మొదటి ఆకర్షణ అదే. అందుకు వాళ్లు పెద్ద మూల్యమే చెల్లించారు. లోపల రాయి నిప్పులా వేడి. వొత్తిడికి బండలు పేలి మనుషులు నలిగిపోయేవారు. రాతి ధూళి పీల్చి వూపిరితిత్తులు చెడిపోయేవి. పై వుద్యోగాలు తెల్లవాళ్లవి, ఆంగ్లో ఇండియన్లవి. కూలీలను తెచ్చే కాంట్రాక్టర్లు కూలిలో వాటా కొట్టేసేవారు.

అయినా ఈ జనం వూరికే పడివుండలేదు. అయోతీదాసు పండితర్ మద్రాసులో నడిపిన బౌద్ధ వుద్యమం మారికుప్పంలో గట్టిగా వేళ్లూనింది. 1907లో ఆయన మొదలుపెట్టిన ‘తమిళన్’ పత్రికను గని కార్మికులు చదివారు, చదవనివాళ్లకు చదివి వినిపించారు. 1914లో ఆయన చనిపోయాక ఆయన రచనలను అచ్చువేసి కాపాడినవాళ్లలో ఈ వూరివాళ్లు ముఖ్యులు. 1926లో అప్పాదురై ఆ పత్రికను మళ్లీ ఇక్కడినుంచే తెచ్చారు. 1956లో అంబేద్కర్ దీక్షకు దశాబ్దాల ముందే ఇక్కడ దళిత బౌద్ధం బతికివుందన్నమాట. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసుకోవాలని పెత్తందార్లు చూస్తే, మేమేమైనా దొంగలమా అని వేలమంది సమ్మెకు దిగారు. ఆ సమ్మెలో అడిగింది కూలి పెంపు కాదు, మనిషికివ్వాల్సిన మర్యాద.

ఇక చెప్పడానికి యిబ్బందిపడే విషయానికి వద్దాం. కార్మికుల లైన్లలో నీటి వసతి లేని పాకీదొడ్లు వుండేవి. భూమిలోకి మూడు కిలోమీటర్లు దిగడానికి యంత్రాలు తెచ్చినవాళ్లు, మలం ఎత్తడానికి మాత్రం కులాన్నే వాడుకున్నారు. ఆ పనిలో తెలుగు దళిత కుటుంబాలు వున్నాయి. సాటి దళిత కార్మికుల మధ్య కూడా వాళ్లది అడుగు మెట్టే. 1966లో అలాంటి కుటుంబంలోనే బెజవాడ విల్సన్ పుట్టారు. సొంత మనుషులు చేస్తున్న పనిని కళ్లారా చూసి, దాన్ని ఆపాలని 1980లలో గనుల యాజమాన్యానికి ఉత్తరాలు రాయడంతో ఆయన పోరాటం మొదలైంది. 1993లో పాకీపనిని నిషేధించే చట్టం వచ్చింది. ఆయన నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు చొప్పున ఇవ్వమంది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. దేశానికంతటికీ సంబంధించిన ఒక పోరాటం ఈ బంగారు వూరి పాకీదొడ్ల దగ్గర పుట్టింది.

ప్రభుత్వ సంస్థగా మారిన గనులను 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. తాతల కాలం నుంచి గనినే నమ్ముకున్నవాళ్లు రోడ్డున పడ్డారు. వాళ్ల పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. గాలి వీస్తే సైనైడు గుట్టల బూడిద ఇళ్ల మీద పడుతుంది.

ఆ గుట్టలే ఇప్పుడు చూడదగ్గ చోట్లు. సినిమావాళ్లు అక్కడ పాటలు తీస్తారు. మేం చెప్పేది, అక్కడికి వెళ్లేవాళ్లు గుట్టల దగ్గరే ఆగిపోవద్దని. తుప్పుపట్టిన గని చక్రాలు చూడండి, మారికుప్పంలో బౌద్ధుల జాడలు వెతకండి, ఒక్క గదిలో మూడు తరాలు బతికిన కార్మికుల లైన్లలో నడవండి. ముసలివాళ్లు ఇంకా వున్నారు, అడిగితే చెప్తారు. వాళ్ల మాటలు రాసిపెట్టుకోవడం విద్యార్థులు, ఉపాధ్యాయులు వెంటనే చేయాల్సిన పని. ఆలస్యమైతే చెప్పేవాళ్లు మిగలరు.

2024లో ఆ గుట్టల్లో మిగిలిన బంగారం తీసే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మళ్లీ బంగారం వస్తుందంటున్నారు. రానివ్వండి. కానీ అది ఎవరి తాతల చెమటలోంచి మిగిలిందో, అందులో వాళ్ల మనవలకు ఏం దక్కాలో ఆ ఒప్పందాలు రాసేటప్పుడే తేలాలి. ఆ ప్రశ్న గట్టిగా అడగడానికి ఈ చరిత్ర తెలిసివుండాలి.