గాలికి దగ్గరి దారి చూపిస్తే

"మా పాత ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్ పైమూతకు రంధ్రాలు వేశాను. లోపలి ప్లాస్టిక్ తొడుగు తీసేసి పెద్ద ఫ్యాన్ బిగించాను. అయినా ఇదివరకటికంటే తొందరగా వేడెక్కి ఆగిపోతోంది. ఎందుకండీ?" ఒక పాఠకుడి ప్రశ్న ఇది. చదివాక పక్కన పెట్టడం నా వల్ల కాలేదు.

చిప్ వాడుకున్న కరెంటంతా చివరికి వేడే. దాన్ని చిప్ మీద బిగించిన హీట్‌సింక్ లోహపు రెక్కలు గాలికి అప్పగిస్తాయి. అసలు సంగతంతా ఆ గాలి ఏ దారిన పోతుందన్న దాంట్లో ఉంది.

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కనున్న కిటికీ తెరిచి తాలింపు వెయ్యండి. ఫ్యాన్ హోరుమంటూనే ఉంటుంది, ఘాటు మాత్రం పొయ్యి దగ్గరే కమ్ముకుంటుంది. కిటికీ గాలే లోపలికొచ్చి, అటునుంచి అటే ఫ్యాన్‌లోంచి బయటికి పోతోంది మరి! 360లోనూ అంతే. వెనకున్న ఫ్యాన్లు గాలిని బయటికి లాగుతాయి. ఆ గాలి రెక్కల ఇరుకు సందుల్లోంచే రావాలని తొడుగు పెట్టారు. అది తీసేసి మూతకు రంధ్రాలు వేస్తే గాలికి సులువైన దారి దొరికినట్టే.

లెక్క చూడండి. 150 వాట్ల వేడిని సెకనుకు 10 లీటర్ల గాలి మోసుకుపోతే ఆ గాలి 12, 13 డిగ్రీలు వేడెక్కుతుంది. సగం గాలి రంధ్రాల్లోంచి నేరుగా ఫ్యాన్‌లోకి పోతే, మిగిలిన 5 లీటర్లూ 25 డిగ్రీలు వేడెక్కాలి. రెక్కల మధ్య గాలి నెమ్మదించినకొద్దీ చిప్ ఇంకా కాలుతుంది. ఫ్యాన్ పెద్దదైతే చాలదు. డబ్బా మీద రాసే గాలి లెక్క ఏ అడ్డూ లేనప్పటిది. ఇరుకులోంచి లాగడానికి కావలసింది ఒత్తిడి.

వేడి ఈ కన్సోల్‌కు పాత బాధే. ఇది 2005లో వచ్చింది. మూడు ఎర్ర దీపాలు వెలిగి మూలపడేవి ఎంతగా పెరిగాయంటే, 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని 3 ఏళ్లకు పెంచి 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చూపాల్సి వచ్చింది. యంత్రాన్ని తువ్వాలులో చుట్టి నడిపితే చిప్ కింద పగిలిన సోల్డర్ అతుకులు కరిగి మళ్లీ అతుక్కుంటాయని అప్పట్లో కొందరు చెప్పారు. శుద్ధ తప్పు! సీసం లేని సోల్డర్ కరగడానికి దాదాపు 217 డిగ్రీలు కావాలి. తువ్వాలు చేసేదల్లా, వేడికి ఉబ్బిన పగులు అంచుల్ని కాసేపు తాకించడమే. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ పగులు పెరుగుతుంది.

మీ యంత్రం సంగతి తేల్చడానికి ఒక అగరుబత్తి చాలు. కన్సోల్ నడుస్తుండగా నుసి లోపల పడకుండా ఒక్కో రంధ్రం దగ్గరా బయటే పట్టుకోండి. ఫ్యాన్ పక్క రంధ్రాల్లోకి పొగ జోరుగా పోయి, పక్కనున్న అసలు గాలిదారుల్లోకి పోకపోతే దొంగ దొరికినట్టే. రంధ్రాలకు టేపు అంటించండి, తొడుగు తిరిగి బిగించండి, అదే ఆట అంతసేపే ఆడి చూడండి. అంతవరకూ డ్రిల్లు ముట్టుకోకండి.