అటక మీది కట్ట తూకానికి వేసే ముందు ఒక్కసారి విప్పండి

రంజాన్ దగ్గర పడితే పలాస, టెక్కలి వైపు ఇళ్లలో అటక దులపడం మొదలవుతుంది. పాత గిన్నెలు, కాలు విరిగిన కుర్చీ, వాటి వెనక నుంచి తాడుతో కట్టిన పుస్తకాల కట్టలు దిగుతాయి. అక్కడే అవి రెండు కుప్పలవుతాయి. తెలుగువి వీధిలో కేకేస్తున్న పాతసామాన్ల బండి మీదకు, కిలోల లెక్కన పోతాయి. ఉర్దూ అక్షరాలున్నవాటిని మాత్రం ఎవరూ తూకానికి వేయరు. అందులో అల్లాహ్ పేరు ఉంటుందేమో, ఆయత్ ఉంటుందేమో అని. గుడ్డలో చుట్టి శుభ్రమైన చోట పూడ్చిపెడతారు, లేదంటే సముద్రంలో విడిచిపెడతారు. ఉద్దానం వాళ్లకు సముద్రం ఎలాగూ దగ్గరే.

చాలాసార్లు తప్పు జరిగేది ఇక్కడే. తూకానికి వెళ్లిన కుప్పలో 1950ల నాటి చందమామలు ఉండొచ్చు. అదబ్‌గా నీళ్లలో విడిచిన మూటలో ఉన్నది దీనీ కితాబు కాకపోవచ్చు, దాదా కుర్రతనంలో రాత్రిళ్లు దొంగచాటుగా చదివిన డిటెక్టివ్ నవల అయి ఉండొచ్చు. ఉర్దూ చదవడం రాని మూడో తరానికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

ముందు తెలుగు కుప్ప సంగతి. పాత పిల్లల పత్రికల్లో ఎక్కువమంది వెతికేది చందమామనే. 1947 జూలైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో దీన్ని మొదలుపెట్టారు. తెలుగుతో పాటే తమిళంలో అంబులిమామ వచ్చింది. తర్వాత మరెన్నో భాషలకు పాకింది. ఒడియాలో దాని పేరు జహ్నమాము. ఒడిశా సరిహద్దు కాబట్టి పలాస, ఇచ్ఛాపురం వైపు ఇళ్లలో ఈ ఒడియా సంచికలు కనిపించినా ఆశ్చర్యం లేదు. బొమ్మలు అన్ని భాషల్లోనూ ఒకటే, కథ అచ్చు మాత్రమే మారేది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయే దాకా ఆ పత్రిక పని చూశారు. బేతాళ కథల పక్కనే అరేబియన్ నైట్స్ కథలూ అదే సులువైన తెలుగులో వచ్చాయి. అందుకే ఏ మతం వాళ్ల ఇంట్లోనైనా అది పిల్లల చేతుల్లో తిరిగింది.

ఈ జిల్లావాళ్లు చందమామను తిరగేసేటప్పుడు అట్ట మీద సంతకం చూడాలి. 'వ.పా' అని ఉంటే ఆ బొమ్మ వడ్డాది పాపయ్యది. ఆయన 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు. చందమామకూ, పెద్దల మాసపత్రిక యువకూ ఎన్నో ముఖచిత్రాలు వేశారు. ఆయన అట్ట ఉన్న సంచికను సేకరించేవాళ్లు విడిగా వెతుకుతారు. చాలామంది ఇళ్లలో ఆ అట్టలే చించి గోడకు అంటించారు. అట్ట పోయాక సంచిక విలువ సగానికి సగం పడిపోతుంది. కానీ ఆ గోడ మీది బొమ్మ చూస్తూ పెరిగినవాళ్లకు ఆ మాట చెప్పి లాభం లేదు!

లోపలి పేజీల్లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ కోసం తిరిగేవాళ్లు ఇంకో రకం. తోకచుక్క, పాతాళదుర్గం లాంటివి ఆయనవే అయినా, వాటి మీద ఆయన పేరు అచ్చయ్యేది కాదు. ఒక సీరియల్ మొత్తం దొరకాలంటే నెలనెలా సంచికలు వరసగా ఉండాలి, మధ్యలో ఒక్కటి పోయినా కథ తెగిపోతుంది. అందుకే విడి సంచికలు పది ఉండటం కన్నా, ఒక ఏడాది సంచికలన్నీ బైండు చేసి ఉండటం మేలు.

ఈ బైండు విషయంలో ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు కత్తిరించి, ఇంట్లోనే సూదీ దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేవాళ్లు. చూడ్డానికి చెత్తలా ఉంటుంది. పుస్తకంగా ఎప్పుడూ రాని రచనలు కొన్ని ఇలాంటి కుట్టు పుస్తకాల్లోనే మిగిలాయి. దాన్ని విప్పకండి.

ఇక పాకెట్ బుక్స్. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు. టెంపోరావు. మధుబాబు షాడో. అంతకు ముందు రైలు ప్రయాణాల్లో చదివి పడేసిన కొవ్వలి నవలలు. ఇవి మామూలుగా అద్దె పుస్తకాల షాపుల్లో తిరిగినవి. షాపు స్టాంపు, లోపల పెన్నుతో వేసిన నంబరు, చిరిగిపోకుండా గుచ్చిన పిన్నులు చూస్తే తెలిసిపోతుంది. స్టాంపు ఉంటే పనికిరాదని కొందరు పక్కన పెడతారు. అది సరికాదు. ఏ ఊళ్లో ఏ షాపు నడిచిందో చెప్పే కాగితం అదొక్కటే కావచ్చు. ఇలాంటి పుస్తకాలను ఇంగ్లిష్‌లో పల్ప్ అనడానికి కారణం కథ కాదు, కాగితం. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం మీద అచ్చేసేవాళ్లు. చవక ధరకు అమ్మడానికి వీలైందీ దానివల్లే, ఇప్పుడు ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోతున్నదీ దానివల్లే.

మొదటి పేజీ చిరిగి, తేదీ కనిపించకపోతే ఎప్పటిదో తెలుసుకోవడం ఎలా? ధర చూడండి. ధర అణాల్లో ఉంటే దాదాపు 1957 ముందుది, ఎందుకంటే ఆ ఏడాది ఏప్రిల్‌లో దశాంశ నాణేలు వచ్చాయి. 'నయా పైసలు' అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. ఆ తర్వాత 'నయా' అన్న మాట తీసేశారు. అడ్రసు చూడండి. 'మద్రాసు-26' అని రెండంకెలే ఉంటే పాతది, 600 026 అని ఆరంకెలుంటే పిన్‌కోడ్ వచ్చిన 1972 ఆగస్టు తర్వాతిది. చందాదారుడి అడ్రసు చీటీ ఇంకా అంటుకుని ఉంటే అదో బంగారం. టెక్కలి పేరు కింద 'విశాఖపట్నం జిల్లా' అని ఉందంటే, శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన 1950 ఆగస్టుకు ముందే ఆ ఇంటికి పత్రిక వచ్చిందన్నమాట. ఆ చీటీ పీకేయకండి.

ఇప్పుడు రెండో మూట, ఉర్దూది.

ఉర్దూ జాసూసీ నవలల్లో అందరికన్నా పెద్ద పేరు ఇబ్నె సఫీది. అసలు పేరు అస్రార్ అహ్మద్, పుట్టింది 1928లో అలహాబాద్ జిల్లాలో. 1952లో అలహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' నెలనెలా రావడం మొదలైంది. మొదటి నవల దిలేర్ ముజ్రిమ్. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ అందులోని జోడీ. అదే ఏడాది ఆయన కరాచీ వెళ్లిపోయారు, అయినా ఆయన పుస్తకాలు ఇటు అలహాబాద్‌లో నక్‌హత్ పబ్లికేషన్స్ పేరుతో వస్తూనే ఉన్నాయి. 1955లో ఖౌఫ్‌నాక్ ఇమారత్‌తో ఇమ్రాన్ సిరీస్ మొదలైంది. 1980లో ఆయన చనిపోయే దాకా రెండు దేశాల్లోనూ జనం ఆ పుస్తకాల కోసం ఎదురుచూశారు. పిల్లలకైతే ఢిల్లీ నుంచి శమా సంస్థ 'ఖిలౌనా' వచ్చేది. కలకత్తా, ఖరగ్‌పూర్, హైదరాబాద్ వైపు ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్ల ట్రంకుపెట్టెల్లో ఇవి దొరికే అవకాశం ఎక్కువ. పలాస హౌరా-మద్రాసు రైలు దారిలోనే ఉంది కదా.

ఉర్దూ రానివాళ్లు వీటిని ఎలా గుర్తుపట్టాలి? అట్ట మీద మనుషుల బొమ్మలు, పిస్తోలు, కారు ఉంటే అనుమానమే లేదు. లోపల ప్రతి అక్షరానికీ పైనా కిందా జబర్, జేర్, పేష్ గుర్తులు ఉంటే అది అరబీ, అంటే ఖుర్ఆన్ భాగమో దుఆల పుస్తకమో అయి ఉంటుంది. ఆ గుర్తులు లేకుండా ఏటవాలుగా, వేలాడినట్టు సాగే అక్షరాలైతే ఉర్దూ. అయితే అంతమాత్రాన నవల అనుకోవద్దు. తఫ్సీర్, సీరత్ పుస్తకాలూ అదే రాతలో ఉంటాయి. అలాగే నవల మొదటి పేజీ మీద 786 కనిపించినంత మాత్రాన అది దీనీ కితాబు కాదు. కాబట్టి తేలిక మార్గం ఒకటే. అట్టనూ, లోపలి మొదటి రెండు పేజీలనూ ఫోన్‌తో ఫొటో తీసి ఉర్దూ వచ్చిన చుట్టానికి పంపండి, లేదా మసీదులో ఇమామ్ సాబ్‌కు చూపించండి. నవల తీసుకొచ్చావేంటని ఆయన నవ్వితే నవ్వనివ్వండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఫొటో పంపడం కన్నా వాళ్ల చేతికే ఇవ్వడం మంచిది. ఏ పుస్తకం ఎవరిదో, ఎవరు దాచారో, ఎవరు తిట్లు తిన్నారో నానీకి గుర్తుంటుంది. అది రాసి ఒక చీటీ పుస్తకంలో పెట్టండి. పెన్నుతో పేజీ మీద మాత్రం రాయొద్దు, పెన్సిల్ చాలు.

ఇక దాచడం. ఈ తీరంలో కాగితానికి నాలుగు వైపులా శత్రువులే. నౌపడ ఉప్పు మళ్ల మీదుగా వచ్చే గాలిలో తేమ ఎక్కువ. స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి మధ్య పేజీలను తినేస్తాయి. వీలైతే వాటిని మెల్లగా తీసి అవే రంధ్రాల్లోంచి నూలు దారం వేయాలి. చిరుగులకు సెల్లోటేపు వేయొద్దు, కొన్నేళ్లకు దాని జిగురు గోధుమరంగు మరకై కాగితంలోకి దిగుతుంది. లామినేషన్ అసలే వద్దు. బిగుతుగా మూసిన ప్లాస్టిక్ సంచిలో తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. పలాసలో జీడిపప్పు ప్యాక్ చేసే రేకు డబ్బాలు దొరకడం కష్టం కాదు. చెదలు పట్టకుండా అవి బాగానే పనికొస్తాయి. కానీ లోపల జీడి నూనె మరక లేకుండా తుడవాలి. పుస్తకాలు పూర్తిగా ఆరాకే, పొడి రోజున పెట్టాలి, నెలకోసారి మూత తీసి గాలి తగలనివ్వాలి. ఎండు వేపాకు వేస్తే గుడ్డ మూటలో వేయండి, ఆకు నేరుగా కాగితానికి తగిలితే మరక పడుతుంది. డబ్బాను నేల మీదా, వాన నీరు చెమ్మగిల్లే గోడ వారా కాకుండా బల్ల మీద పెట్టాలి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు పోయిన ఇళ్లలో పుస్తకాల గురించి ఎవరు ఆలోచిస్తారు? అయినా మళ్లీ వానాకాలం వస్తుంది కాబట్టి ఒక్కమాట. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టొద్దు, అంటుకున్న పేజీలను గోరుతో విడదీయొద్దు. నీడలో, ఫ్యాను గాలికి నిలబెట్టి, విడిపోయే పేజీల మధ్య అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి, గంటకోసారి మారుస్తూ ఆరబెట్టాలి. మెరిసే అట్టలు ఆరితే ఒకదానికొకటి అంటుకుపోతాయి, ముందు వాటినే విడిగా తీయాలి.

అమ్మాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పాతదైతే చాలు లక్షలొస్తాయన్నది వట్టి మాట. 1980ల చందమామలు ఇప్పటికీ చాలామంది దగ్గర ఉన్నాయి. స్కాన్లు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. చదవడానికే అయితే కాగితం అక్కర్లేదు. ఉర్దూ పత్రికలు, నవలలు రేఖ్తా వెబ్‌సైట్‌లో కొన్ని ఉన్నాయి. కొనేవాళ్లు చూసేది అట్ట ఉందా, పేజీలన్నీ ఉన్నాయా, వరస తెగలేదా అని. కట్ట మొత్తానికి ఒకే ధర చెప్పి తొందరపెట్టేవాళ్లకు ఆ రోజే ఇచ్చేయకండి. ముందు జాబితా రాసుకోండి.

ఇవ్వాలనుకునేవాళ్లకు శ్రీకాకుళంలోనే ఒక చోటు ఉంది. కథారచయిత కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరిలో అక్కడ కథానిలయం తెరిచారు. అచ్చయిన ప్రతి తెలుగు కథనూ ఒకచోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. పాత పత్రికల కోసం ఊరూరా తిరిగారు. అసలు ఇవ్వనివాళ్ల దగ్గర జిరాక్సైనా తెచ్చుకున్నారు. ఆయన 2021లో చనిపోయారు. అక్కడ కావాల్సింది ముఖ్యంగా కథలున్న తెలుగు పత్రికలు. కాబట్టి డబ్బాతో నేరుగా బయల్దేరకుండా జాబితా ముందు పంపి అడగండి. పలాస నుంచి రైలెక్కితే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అంటే ఆమదాలవలసలో దిగి వెళ్లాలి. ఉర్దూ పుస్తకాలైతే వేరే దారి చూడాలి. ఆ కట్టకు చుట్టాల్లో ఉర్దూ చదివేవాళ్లు ఎవరో వెతకడమే మొదటి పని.