చేతికి తగిన ఆయుధము

భార్యకు చీర కొనితెచ్చిన భర్త రంగు విషయమున పొరపడినచో ఆ చీర పెట్టె అడుగునకు చేరును. అంతకు మించిన నష్టము లేదు. చెప్పులు బిగువైనచో మరునాడు అంగడికి తిరిగి పోవును. కాని అమెరికా దేశమున ఎందరో భర్తలు తమ ఇల్లాండ్రకై ఎన్నుకొని తెచ్చుచుండు ఒక వస్తువు విషయమున పొరపాటు అంత తేలికగా తీరునది కాదు. ఆ వస్తువు పిస్తోలు.

మన వైపు తుపాకి యనగా పోలీసు అధికారి నడుమునను, బ్యాంకు వాకిట కావలివాని భుజమునను కనబడు వస్తువే గాని గృహోపకరణము కాదు. అమెరికాలో సంగతి వేరు. ఆ దేశపు రాజ్యాంగమునకు 1791లో చేర్చబడిన రెండవ సవరణ ఆయుధములు కలిగియుండు హక్కును పేర్కొనుచున్నది. ఇంటిలో ఆత్మరక్షణకై పిస్తోలు ఉంచుకొనుట వ్యక్తికి గల హక్కే యని 2008లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అందుచేత తొలి పిస్తోలు ఎన్నిక అక్కడి కాపురములలో ఆలుమగలు కూర్చుండి మాటలాడుకొను విషయములలో ఒకటి. తుపాకులతో పరిచయము గలవాడు సాధారణముగా భర్త; కొత్తగా చేతబట్టవలసినది భార్య. సాయపడవలెనను కోరిక మంచిదే. కాని ఆ సాయము ఏ రూపమున ఉండవలెను? చిక్కంతయు అక్కడనే యున్నది.

అంగడిలో తరచుగా జరుగు తంతు ఇట్లుండును. భర్త ముందు నడచును, భార్య వెనుక నిలుచును. "మా ఆవిడకు ఒకటి కావలెను" అని అతడనును. అంగడివాడు ఆమె చేతుల వంక ఒకసారి చూచి, అద్దాల బల్ల క్రిందినుండి ముచ్చటైన చిన్న రివాల్వరు నొకదానిని తీసి బల్లపై ఉంచును. పిడికి గులాబిరంగు కూడ ఉండవచ్చును. బరువు అరకిలోకు లోపు. చేతిసంచిలో ఇట్టే ఇముడును. చిన్న చేతికి చిన్న తుపాకి, ఆడువారికి తేలికైన తుపాకి అన్న తర్కము వినుటకు ఎంతో సబబుగా తోచును. అయితే, నేర్చుకొనుటకు మొదటిసారి తుపాకి పట్టువారి విషయమున ఈ తర్కము చాలవరకు తలక్రిందులు.

కారణము న్యూటను చెప్పిన చలనసూత్రములలో కలదు. గుండు ఎంత వేగముతో ముందునకు దూకునో అందుకు బదులుగా తుపాకి వెనుకకు తన్నును. తూటా ఒక్కటే యైనప్పుడు, తుపాకి బరువు సగమైనచో ఆ తన్నునందలి శక్తి రెట్టింపగును. పాయింట్ 38 స్పెషల్ తూటా పేల్చు ఉక్కు రివాల్వరు, స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారి పదవ నంబరు నమూనా, సుమారు కిలో బరువుండును. దాని మూలరూపము 1899 నాటిది. తరతరముల అమెరికా పోలీసులు దానిని మోసిరి. అదే తూటా పేల్చు అల్యూమినియపు చిన్న రివాల్వరు బరువు 425 గ్రాముల ప్రాంతము. మొదటిది చేతిలో నెట్టినట్లుండగా రెండవది అరచేతిలో కొట్టినట్లుండును. తేలికైన తుపాకి మోయువారికి సుఖము, పేల్చువారికి కష్టము. అంగడిలో చేతబట్టి చూచునప్పుడు మోత సుఖమే తెలియును. పేల్చు కష్టము ఇంటికి వచ్చిన తరువాత గాని తెలియదు.

మరియొక చిక్కు మీటలో నున్నది. అట్టి చిన్న రివాల్వరుల మీటను ఒక్క లాగుతో పేల్చుటకు సుమారు 5 కిలోల బరువును లాగినంత బలము కావలెను. తన బరువునకు పదిరెట్లకు మించిన బలముతో లాగినప్పుడు ఆ చిన్న గొట్టము కదలక నిలుచునా? గురి చెదరును. అందులోను పొట్టి గొట్టముపై గురిచూచు గుర్తులు రెండును దగ్గర దగ్గరగా నుండుటచేత కొద్దిపాటి వంకర కూడ దూరమున పెద్ద తప్పగును. అనుభవజ్ఞులైన గురువులు ఈ చిన్న రివాల్వరును ఆరితేరినవారి ఆయుధమని చెప్పుట ఇందువలననే. దానినే తెచ్చి కొత్తవారి చేతిలో పెట్టుట, ఈత రానివానిని గోదావరి నడుమ దింపుట వంటిది.

అయినచో స్వయంచాలిత పిస్తోలు మేలా యనిన, అందును ఒక మెలిక కలదు. తూటాను గొట్టములోనికి ఎక్కించుటకు దాని పైభాగమును, అనగా స్లైడును, చేతితో వెనుకకు లాగి వదలవలెను. చిన్న పిస్తోలు స్లైడు సులువుగా వచ్చుననుకొనుట సహజము. కాని పాయింట్ 380 తూటా పేల్చు చిన్న పిస్తోళ్లలో పెక్కింటి యందు పేలుడు ఒత్తిడిని ఆపునది స్లైడు బరువును, దాని స్ప్రింగు బిగువును మాత్రమే. అందుచేత స్ప్రింగు గట్టిదిగా నుండక తప్పదు. అంతకంటె పెద్దదైన 9 మిల్లీమీటర్ల పిస్తోలులో గొట్టము, స్లైడు క్షణకాలము పెనవేసికొని యుండు ఏర్పాటు కలదు గనుక స్ప్రింగు మెత్తగా నుండవచ్చును. సుమారు 600 గ్రాముల బరువుండు గ్లాక్ 19 వంటి మధ్యరకపు పిస్తోలు, చూచుటకు మోటైనను, చాలమంది స్త్రీల చేతులలో ఆ చిన్నవానికంటె సాధువుగా నడచును. వ్రేళ్లలో సత్తువ తగ్గినవారికై, కీళ్ల నొప్పులవారికై, స్లైడు సులువుగా వచ్చునట్లు ప్రత్యేకముగా చేసిన పిస్తోలును స్మిత్ అండ్ వెస్సన్‌వారు 2018లో విడుదల చేసిరి. కొనువారి చేతులను ముందు చూచి, పిమ్మట యంత్రమును రూపొందించిన పద్ధతి యది.

ముందు చేయి కాక ముందు "ఆడుదనము" చూచిన పద్ధతియు పాతదే. ఆ కంపెనీవారే 1902లో పాయింట్ 22 తూటాలు ఏడు పట్టు బొమ్మవంటి రివాల్వరు నొకదానిని చేసి "లేడీస్మిత్" అని పేరిడిరి. 1921 వరకు అది అమ్ముడయ్యెను. 1980ల చివర ఆ పేరు మరల వాడుకలోనికి వచ్చెను. మన దేశమున కాన్పూరు ఆయుధ కర్మాగారమువారు 2014లో "నిర్భీక్" అను పాయింట్ 32 రివాల్వరును స్త్రీలకై యని ప్రకటించి విడుదల చేసిరి. 2012 నాటి ఢిల్లీ ఘోరము తరువాత పుట్టిన పేరది. బరువు అరకిలో, ధర లక్షా ఇరువదివేల రూపాయలకు పైగా. లక్షలు పోసి లైసెన్సుతో ఆయుధము కొనగల స్త్రీలు ఎందరు అను ప్రశ్న ఆనాడే వినవచ్చెను. పేరులో ధైర్యము ఉన్నంత మాత్రమున చేతిలో నేర్పు రాదు గదా.

మరి ఎన్నుకొను సరియైన దారి యేది? మొదట ఖాళీ తుపాకితో కొలత చూచుకొనవలెను. తూటాలు లేవని ఇరువురును కన్నులార చూచి నిశ్చయించుకొనిన తరువాత ఆమె దానిని పట్టవలెను. గొట్టము ముంజేతితో ఒకే వరుసలో నుండగా చూపుడువ్రేలి మొదటి కణుపు మెత్త మీటపై సుఖముగా ఆనవలెను. వ్రేలు అందనిచో చేయి ప్రక్కకు తిరుగును, గుండు ప్రక్కకు పోవును. స్లైడు తానే లాగగలదా, తూటాల పెట్టెను తానే నింపగలదా, రక్షణ మీటను బొటనవ్రేలితో తానే త్రిప్పగలదా యని చూడవలెను. ఇచ్చట "తానే" యన్నది ముఖ్యము. ఆపద రాత్రి వచ్చినప్పుడు స్లైడు లాగిపెట్టుటకు భర్త ఊరిలో లేకపోవచ్చును.

పిమ్మట కొనక పూర్వమే పేల్చి చూడవలెను. అమెరికాలోని అనేక అభ్యాసశాలలలో రకరకముల పిస్తోళ్లు అద్దెకు దొరకును. మొదట పాయింట్ 22తో ఆరంభించుట ఉత్తమము. తన్ను స్వల్పము, తూటాల ధర తక్కువ. చెవులకు రక్షణ తప్పనిసరి. పిస్తోలు మ్రోత 140 డెసిబెల్స్‌కు మించును. అది వినికిడిని శాశ్వతముగా చెరచగల మ్రోత. కంటికి అద్దములును, మెడవరకు మూసిన రవికయు ఉండవలెను. ఎగిరిపడు వేడి తూటా తొడుగు మెడలోనికి జారినప్పుడు ఉలికిపడి తుపాకి త్రిప్పివేసినవారు కలరు. అన్నింటికంటె ముందు నేర్వవలసినవి, జెఫ్ కూపర్ అను అమెరికను శిక్షకుడు ప్రచారము చేసిన నాలుగు నియమములు: ప్రతి తుపాకియు నిండియున్నదనియే భావింపుము, నాశనము చేయదలపని దానివైపు గొట్టము త్రిప్పకుము, గురి కుదురువరకు మీటపై వ్రేలుంచకుము, గురి యేదో, దాని వెనుక నేమున్నదో తెలిసికొనుము.

గురువు భర్త కాకపోవుటయే మేలని అక్కడి అనుభవజ్ఞుల మాట. కారు నడుపుట నేర్పబోయిన భర్తల కథ అందరికిని తెలిసినదే. తొలినాడే పెద్ద తుపాకి ఇచ్చి, అది తన్నినప్పుడు నవ్విన భర్త ఆమెను ఆ విద్యకు శాశ్వతముగా దూరము చేయును. తన్నునకు ఒకసారి జడిసిన చేయి, తరువాతి గుండు పేలుటకు ముందే తెలియకుండ క్రిందికి వంగును. ఆ అలవాటు పోగొట్టుటకు నెలలు పట్టును.

ఈ సందర్భమున ఆనీ ఓక్లీ దంపతుల కథ స్మరణీయము. ఒహాయో రాష్ట్రమున 1860లో పుట్టిన ఆ బాలిక తండ్రి పోయిన పేద ఇంటికి వేటాడి అన్నము పెట్టినది. ఊరూర గురిపందెములు కాయు ఫ్రాంక్ బట్లర్ అను మేటి ఒకనాడు ఆమెతో పందెమునకు దిగి ఓడెను. ఓడించిన పిల్లనే వలచి పెండ్లాడెను. 1885లో ఆమె బఫెలో బిల్ ప్రదర్శనలో చేరి లోకప్రసిద్ధి పొందినది. బట్లరు తాను వెనుకకు తగ్గి ఆమె వ్యవహారములు చూచెను. ఆమె గురికి తన చేతితో లక్ష్యమును పట్టి నిలిచెను. తరువాతి కాలమున ఆమె వేలమంది స్త్రీలకు గురి నేర్పినది. 1926 నవంబరులో ఆమె మరణించిన పదునెనిమిది దినములకే అతడును కన్నుమూసెను. తోడి మనిషికి ఆయుధ విషయమున సాయపడుట యనగా నేమో బట్లరు జీవితము చెప్పుచున్నది. అతడు ఆమె చేతిని తన చేతిగా భావింపలేదు.

చట్టము మాట కూడ మరువరాదు. అంగడిలో కొనువాడు తానే నిజమైన కొనుగోలుదారునని వ్రాతమూలముగా చెప్పవలెను. స్వంత సొమ్ముతో కొని నిజముగా కానుక ఇచ్చుట ఫెడరల్ చట్టము ఒప్పును. ఇతరుల సొమ్ముతో వారికై కొనుట నేరము. మామ చెక్కుతో మామకై పిస్తోలు కొనిన మేనల్లునికి, ఇరువురును అర్హులే యైనను, 2014లో సుప్రీంకోర్టులో ఊరట లభింపలేదు. అమెరికాలోని మన తెలుగువారు తెలిసికొనవలసిన సంగతి మరొకటి. హెచ్1బి వంటి తాత్కాలిక వీసాపై నున్నవారికి, వేట లైసెన్సు వంటి కొలది మినహాయింపులు తప్ప, తుపాకి గాని తూటా గాని కలిగియుండుట 1998 నుండి నిషిద్ధము. గ్రీన్ కార్డు గల భర్త, తాత్కాలిక వీసాపై నున్న భార్యకు ప్రేమతో ఇచ్చు పిస్తోలు ఆమెను నేరస్థురాలిని చేయవచ్చును. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము క్రింద లైసెన్సు వ్యక్తికే గాని కుటుంబమునకు కాదు. భర్త లైసెన్సుతో భార్య ఆయుధము వాడరాదు.

ఇన్ని చెప్పిన పిదపను, అన్నింటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న మిగిలియే యున్నది: ఆమెకు పిస్తోలు కావలెనా? భయము ఆమెదా, భర్తదా? అమెరికాలో తుపాకివలన సంభవించు మరణములలో సగమునకు మించినవి ఆత్మహత్యలు. కాలిఫోర్నియా రాష్ట్రమున జరిగి 2020లో వెలువడిన పెద్ద పరిశోధన యొకటి, పిస్తోలు గల స్త్రీలు తుపాకితో ఆత్మహత్య చేసికొనుట, లేనివారితో పోల్చగా సుమారు ముప్పదియైదు రెట్లు అధికమని తేల్చెను. కనుక ఇంటిలో దుఃఖము గూడుకట్టియున్న దినములలో తుపాకిని ఇంటినుండి దూరము చేయుటయే సాయము. పసిపిల్లలున్న ఇంట తాళముగల ఉక్కుపెట్టె తుపాకికంటె ముందు కొనవలసిన వస్తువు. కొన్ని ఇండ్లలో ఆపద వీధినుండి కాక ఇంటిలోనుండియే వచ్చును. అందుచేతనే, గృహహింస నేరమునకు శిక్షపడినవారు తుపాకి కలిగియుండరాదని 1996లో చట్టము వచ్చెను; గృహహింస విషయమై కోర్టు నిషేధపు ఉత్తరువునకు లోబడినవారి నుండి తుపాకిని దూరముంచు చట్టమును 2024లో సుప్రీంకోర్టు సమర్థించెను.

ఆమె ఆలోచించి "వద్దు" అన్నచో, ఆ మాటను మారుమాట లేక అంగీకరించువాడే సరియైన సహాయకుడు. "కావలెను" అన్నచో అంగడిలో అతడు ఒక అడుగు వెనుక నిలువవలెను. ఆమెయే ముందు నడువవలెను. అడిగినప్పుడు చెప్పవలెను, అడుగనప్పుడు చూచుచుండవలెను. తుపాకి పేలినప్పుడు దాని తన్నును భరించునది ఆమె చేయి, దాని ఫలితమును భరించునది ఆమె మనస్సు. ఆ రెంటికిని తగినదేదో నిర్ణయించు అధికారము ఆమెది.