నిమ్మకు గజ్జి తెగులు - మచ్చ మానదు, చిగురును కాపాడుకోండి

కోత రోజున కాయలు ఏరేటప్పుడు సంగతి మీకే తెలుస్తుంది. నున్నటి కాయ ఒక కుప్పకు, గరుకు మచ్చల కాయ మరో కుప్పకు పోతుంది. రసం రెండింటిలోనూ ఉంటుంది, పులుపూ తగ్గదు. అయినా గూడూరులోనైనా, తెనాలిలోనైనా వ్యాపారి ముందు చూసేది తొక్కనే. గజ్జికాయ బస్తాకు పలికే ధర వేరు. అరెకరా, ఎకరా తోట మీద ఇల్లు గడుపుకొనే రైతుకు ఆ తేడాయే ఏడాది మిగులు.

ఈ జబ్బు మనకు కొత్తది కాదు. 1827-31 సంవత్సరాల మధ్య మన దేశంలో సేకరించి, ఇంగ్లండులోని క్యూ తోటలో భద్రపరచిన మాదీఫలం ఎండు కొమ్మల మీద కూడా ఈ మచ్చలు కనిపించాయి. నిమ్మజాతి చెట్లలో దీనికి ఎక్కువగా లొంగేది మనం వేసే పుల్ల నిమ్మే. బత్తాయి దానికంటే కొంత తట్టుకొంటుంది.

తెగులు ఎలా వస్తుంది?

దీనికి కారణం జాంథోమోనాస్ అనే బాక్టీరియా. ఇది పాత మచ్చల్లోనే దాగి ఉంటుంది. వాన పడి మచ్చ తడవగానే బయటికి ఊరుతుంది. గాలివాన దాన్ని చిమ్మితే పక్క కొమ్మకు, పక్క చెట్టుకు చేరుతుంది. లేత ఆకు మీది సన్నని రంధ్రాల గుండా లోపలికి పోతుంది. గాలికి ముళ్లు గీరుకున్నా, ఆకులో పురుగు సొరంగాలు చేసినా దానికి తలుపు తీసినట్లే. ముదిరిన ఆకులోకి అంత తేలిగ్గా చొరబడలేదు. కాబట్టి చిగురు, పిందె ఉన్న రోజుల్లో వానలు పడితేనే అసలు ప్రమాదం.

గుర్తు పట్టడం ఎలా?

మొదట లేత ఆకు మీద గుండుసూది తలంత నీటి మచ్చ వస్తుంది. అది పెరిగి గోధుమ రంగుకు తిరిగి, బెరడులాగా గరుకుగా పైకి ఉబ్బుతుంది. ఆకుకు రెండు వైపులా ఉబ్బు ఉంటుంది, చుట్టూ పసుపుపచ్చ వలయం కనిపిస్తుంది. కాయ మీది మచ్చకు ఈ వలయం అంతగా కనిపించదు. మధ్యలో గుంటపడి పగిలినట్లుంటుంది. లేత రెమ్మల మీద, ముళ్ల మీద కూడా మచ్చలొస్తాయి. జబ్బు ముదిరితే రెమ్మలు కొన నుంచి ఎండుతాయి, ఆకులు, పిందెలు రాలతాయి.

చాలామంది మంగును చూసి గజ్జి అనుకొంటారు. కాయను వేలితో రుద్ది చూడండి. మంగు నల్లి వల్ల తొక్క తుప్పు రంగుకు మారుతుంది గాని మచ్చ పైకి లేవదు. గజ్జి అయితే వేలికి ఉప్పుకాగితంలా తగులుతుంది. మంగుకు వాడే మందు గజ్జికి పనిచేయదు, కాబట్టి డబ్బు పెట్టే ముందే తేల్చుకోవాలి. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంటే అది బంక తెగులు, దాని వైద్యం వేరు.

ముందు కత్తెర, తర్వాత మందు

గజ్జి మచ్చను ఏ మందూ మాన్పదు. రాగి మందు ఆకు పైన పొరలాగా ఉండి, కొత్తగా వచ్చే బాక్టీరియాను ఆపుతుంది, అంతే. ఆకు లోపలికి పోయినదాన్ని చంపలేదు. తోటంతా మచ్చలు పడ్డాక మందు కొట్టి, తగ్గలేదని కొట్టువాణ్ణి తిట్టుకొని లాభం లేదు.

కనుక వానలు మొదలు కాకముందే, పొడి వాతావరణంలో, తెగులున్న రెమ్మలను కొంత పచ్చి భాగంతో సహా కత్తిరించండి. ఎండుపుల్లలు తీసేయండి. రాలిన ఆకులతో కలిపి వాటిని తోట బయట తగలబెట్టండి, గట్టు మీద వదలొద్దు. ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పోయే ముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. మంచు, వాన తడి ఆరకముందు చెట్లను ముట్టుకోకండి. తడి చేతులు, తడి బట్టలు కూడా జబ్బును మోసుకుపోతాయి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి.

తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పిచికారీ చేయాలి. పది లీటర్ల డబ్బాకు 30 గ్రాములు. కొత్త చిగురు తొడగగానే ఒకసారి, 20 రోజులకు మరోసారి కొట్టండి. ఆ తర్వాత చిగురు వచ్చినప్పుడల్లా ఇదే పద్ధతి. ఆకు అడుగు భాగం కూడా తడవాలి.

చిగురు ఆకుల మీద వెండి గీతలు కనిపిస్తే అది ఆకు తొలిచే పురుగు. 5 శాతం వేపగింజల కషాయం కొట్టి దాన్ని అదుపులో పెడితే గజ్జికి సగం దారి మూసినట్లే.

బోర్డో మిశ్రమం మీరే చేసుకోవచ్చు

ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు కావాలి. మైలుతుత్తాన్ని 50 లీటర్లలో, సున్నాన్ని మరో 50 లీటర్లలో విడివిడిగా కరిగించి వడకట్టండి. రెండింటినీ ఒకేసారి మూడో పాత్రలోకి పోస్తూ కర్రతో కలపండి. ఇనుప పాత్ర పనికిరాదు, ప్లాస్టిక్ డ్రమ్ము మంచిది. కొడవలి మొనను ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదన్నమాట, పూత పడనంతవరకు సున్నపు తేట కలపాలి. లేకుంటే చిగుళ్లు మాడిపోతాయి. చేసిన రోజే వాడేయాలి. పేస్టుకైతే ఇవే కొలతలకు నీళ్లు 10 లీటర్లు చాలు.

స్ట్రెప్టోసైక్లిన్ సంగతి

పాత సిఫారసుల్లో రాగి మందుతో పాటు పది లీటర్లకు ఒక గ్రాము స్ట్రెప్టోసైక్లిన్ కలపమని ఉంటుంది. ఇది మనుషుల వైద్యంలో వాడే జాతి మందు. పొలాల్లో విచ్చలవిడిగా వాడితే సూక్ష్మజీవులు దానికి అలవాటు పడతాయి. పంటల మీద దీని వాడకాన్ని దశలవారీగా ఆపేందుకు కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. అందువల్ల కొట్టువాడి మాట మీద కొనకండి, ఉద్యాన అధికారిని అడిగాకే నిర్ణయించుకోండి.

కొత్తగా నాటేవారికి

ఊరి నుంచి ఊరికి గజ్జిని మోసేది ఎక్కువగా నారుమొక్కలే. చవకగా వస్తున్నాయని మచ్చల మొక్క తెస్తే, పదేళ్లు దాని బాకీ తీర్చాలి. ఒక్కో మొక్క ఆకులు తిప్పి చూసి కొనండి. బాలాజీ, పెట్లూరు సెలక్షన్-1 రకాలు గజ్జిని కొంత మేర తట్టుకొంటాయి. వీటి కోసం పెట్లూరు నిమ్మ పరిశోధనా స్థానంలో విచారించండి. గాలి వచ్చే వైపు సరుగుడు గాని, అవిశ గాని వరుసగా వేస్తే ముళ్ల గీతలు తగ్గుతాయి. యూరియా ఒకేసారి దండిగా వేస్తే చిగురు అదేపనిగా వస్తుంది, తెగులుకు మేత పెట్టినట్లవుతుంది. దఫాలుగా వేయండి.

గజ్జి తోటలో ఒకసారి దిగితే పూర్తిగా పోదు. కాని మీ తోటలో చిగురు ఎప్పుడు వస్తుందో మీకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆ తేదీలు గోడ మీది క్యాలెండరులో గీసి పెట్టుకొని, చిగురుతో పాటే మందు అందిస్తే, వచ్చే కోతకు నున్నకాయల కుప్ప పెరుగుతుంది.