రంగు తెలియకున్నా ఆట ఆగదు

అయిదక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. 2021లో జాష్ వార్డిల్ జనం ముందుంచిన 'వర్డిల్' ఆట ఇదే. అక్షరం సరైన గడిలో పడితే ఆకుపచ్చ, మాటలో ఉండీ గడి తప్పితే పసుపు వస్తుంది. కొందరి కంటికి ఈ రెండూ ఒకేలా ఉంటాయి. బుర్ర ఉన్నా వారికి ఆట సాగదు. అలాంటివారు ఆకుపచ్చకు బదులు నారింజ, పసుపుకు బదులు నీలం వచ్చేలా మార్చుకునే వీలుంది.

రంగులు చక్కగా కనబడే తయారీదారుకు ఈ చిక్కు తట్టదు. ఆడేవారు చెబితేనే తెలుస్తుంది.

ఈ లోపం చాలామందికి పుట్టుకతో వచ్చేదే. మగవారిలో ఎక్కువ. 1794లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ డాల్టన్ తనకున్న ఈ లోపాన్నే వివరించారు. ఇది మందబుద్ధి కాదు. పిల్లవాడు పండుమిరపనూ పచ్చిమిరపనూ వేరుచేయలేకపోతే కసరకుండా కంటి డాక్టరుకు చూపించడం మంచిది.